క్రీటు గుహకు మొక్కిన తలనీలాలు

మూడో ఏడు నిండేదాకా మా అబ్బాయిని మా బ్లాకులో అందరూ ఆడపిల్లే అనుకున్నారు. లిఫ్టు ఎక్కిన ప్రతి ఆంటీ వాడి రెండు జడలూ సవరించి "సో ప్రెటీ గర్ల్" అనేది. వాడు మూతి ముడుచుకుని, ఇక్కడివాళ్ళ లాగే మాట చివర "లా" తగిలించి, "ఐయామ్ బాయ్ లా" అనేవాడు. అప్పుడామె నా వంక చూసేది, నేను లిఫ్టు అంకెల వంక చూసేదాన్ని. గ్రీసు దేశంలో క్రీటు అనే దీవి ఉందనీ, అక్కడ సముద్రానికి దగ్గర్లో ఒక గుహ ఉందనీ, ఆ గుహలో ఒకప్పుడు పూజలందుకున్న దేవతకు ఈ జుట్టు మొక్కి ఉందనీ, ఈ పరాయి దేశంలో మేముండే జురాంగ్ ఈస్ట్‌లో లిఫ్టు కిందికి దిగేలోపు ఎవరికైనా ఎలా చెప్పేది?

ఇప్పుడైతే తీరిగ్గా చెప్పగలను. మొక్కు తీరింది. వాడి తల మీద కొత్త జుట్టు గరుకుగా లేస్తోంది. క్రీటు నుంచి వచ్చిన తేనె సీసా మా వంటింట్లో దేవుడి అరలో, మా ఇంటి దేవుడు అప్పన్న పటం పక్కన, సగం ఖాళీ అయి ఉంది. ఇంటిల్లిపాదీ హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాం. ఆ జడలు వేసిన రోజుల్లో మాత్రం పొద్దున్నే దువ్వెన పట్టుకుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అసలు గుహలు మా ఇంట్లోకి తెచ్చింది నేనే. ఇక్కడ ఒక విశ్వవిద్యాలయంలో నా పరిశోధన. గుహ కప్పు నుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారుతుంటే, ఆ నీళ్ళలోని సున్నం పేరుకుని నేల మీద నుంచి రాతి స్తంభాలు లేస్తాయి. వాటిని నిలువునా కోసి, పొరలు లెక్కపెట్టి, వేల ఏళ్ళ కిందట ఎప్పుడు వానలు పడ్డాయో, ఎప్పుడు కరువొచ్చిందో చెప్పడం మా పని. వినడానికి ఎంతో సాహసంలా ఉంటుంది గానీ నేను చూసేది అరచేయంత రాతి ముక్కలు, చలికి స్వెట్టరు వేసుకుని కూర్చోవాల్సిన ల్యాబు. అందుకే క్రీటుకు వెళ్ళి అక్కడి గుహల్లోంచి మేమే రాళ్ళు తెచ్చుకునే అవకాశం వచ్చినప్పుడు నేను చిన్నపిల్లలా ఎగిరాను. ఆ దీవిలో గుహలు వేలల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని గుళ్ళు కట్టక ముందు నుంచీ గుళ్ళే.

ప్రయాణం దగ్గర పడ్డాక కడుపుతో ఉన్నానని తెలిసింది. అంతకుముందు రెండు కడుపులు నిలిచినట్టే నిలిచి, పోయాయి. ఈసారి డాక్టరు గర్భసంచి ముఖానికి కుట్టు వేసి, మంచం దిగితే ఊరుకోనని చెప్పింది. నా బదులు నా సహోద్యోగి వెళ్ళింది. నాకంటే పెద్దది, ఇక్కడే పుట్టి పెరిగిన చైనీసావిడ, పనిలో మహా ఖచ్చితం. విమానాశ్రయం నుంచి ఫోన్ చేసి "నువ్వు పడుకో లా, గుహలు ఎక్కడికీ పోవు" అంది. నిజమే, గుహలు పోవు. నేనే ఎక్కడికీ పోలేకుండా మంచానికి అతుక్కుపోయాను.

రోజంతా పడుకోవడం సుఖమనుకునే వాళ్ళు ఒక్క వారం అలా పడుకుని చూడాలి. నేను ఫ్యాను మీద విసుక్కునేదాన్ని, పక్క ఫ్లాటులో డ్రిల్లింగ్ మీద విసుక్కునేదాన్ని, మా ఆయన మీదైతే చెప్పనే అక్కర్లేదు. ఆయన జురాంగ్ ఐలాండ్‌లో పెద్ద పెద్ద ట్యాంకుల్లో దిగి లోపలి గోడలు పరీక్షించే ఇంజనీరు. నేను గుహలు చూడలేకపోయానని ఏడుస్తుంటే "రోజూ నేను దూరేది గుహలోనేగా, వచ్చి చూడు" అని హాస్యమాడబోయి తిట్లు తిన్నాడు. ఇంట్లో నా తిట్లకు అందకుండా తిరిగిన మనిషి ఒక్కరే, మా అత్తగారు.

మా అత్తగారిది బొర్రా గుహలకు దగ్గర్లో ఉన్న ఊరు. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చి ఉండిపోయింది. మా ఇద్దరికీ పడదని అనను. పడుతుంది, కాకపోతే రోజూ పడదు. ఆవిడకు ఈ లోకంలో ఒకే ఒక్క గర్వం, తన జుట్టు. ఆ వయసులోనూ నడుము దాటిన జుట్టు, అక్కడక్కడ వెండి తీగలు. లిటిల్ ఇండియా నుంచి కుంకుడుకాయలు తెప్పించి, నానబెట్టి, పిసికి, తలంటుకుని మా కారిడార్‌లో కుర్చీ వేసుకుని ఆరబెట్టుకునేది. ఎదురింటి మలయ్ ఆంటీ రహస్యమేమిటని సైగలతో అడిగితే, ఈవిడ కుంకుడు గింజ చూపించి మురిసిపోయేది. ఇంట్లో స్నానాల గదిలో తూము పూడుకుపోయినప్పుడల్లా ఆ జుట్టును నేను మనసులో తిట్టుకునేదాన్ని, కొన్నిసార్లు పైకే.

ఆవిడ నా మంచం పక్కన చిన్న పీట వేసుకుని చిక్కుళ్ళు వలుస్తూ ఒకరోజు అంది, "అలగ పైకప్పు చూసి చూసి ఏటవుతాది? ఏదో ఒకటి చదువు. పైకి చదువు, నేనూ ఇంటాను."

నా దగ్గర ఉన్నవి ప్రయాణం కోసం రాసుకున్న గుహల వివరాలే. అవే తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. మొదట దిక్తి కొండ మీది గుహ. గాలిమరలు ఉన్న మైదానం పైన, కొండ ఎక్కి లోపలికి దిగితే అడుగున చిన్న కొలను ఉంటుంది. వాళ్ళ దేవుళ్ళకు రాజైన జ్యూస్ అక్కడే పుట్టాడని కొందరంటారు. తండ్రి పుట్టిన పిల్లలను పుట్టినట్టే మింగేస్తుంటే, తల్లి వీడినొక్కణ్ణీ గుహలో దాచింది, మేక పాలిచ్చి పెంచింది.

"అచ్చం మన కిట్టయ్య కథే కదేటి!" అంది అత్తగారు. "అక్కడ మేనమామ, ఇక్కడ కన్నతండ్రి. అంతే తేడా."

చంటివాడి ఏడుపు తండ్రికి వినపడకుండా కాపలా వీరులు డాళ్ళు కొట్టి మోత మోగించేవారని చెప్పాను.

"ఆ మోతకి గుంటడు ఎలగ నిద్దరపోయేడో తల్లీ," అని చిక్కుడుకాయ విరిచింది.

ఆ గుహలో మొక్కుకున్నవాళ్ళు చిన్న చిన్న కంచు గొడ్డళ్ళూ, సూదులూ, బొమ్మలూ తెచ్చి రాతి స్తంభాల పగుళ్ళలో గుచ్చి వెళ్ళేవారు. తవ్వకాలు జరిపినవాళ్ళకు అవి రాళ్ళ సందుల్లో అలాగే దొరికాయి. ఇంకొకటి ఈడా కొండ మీది గుహ, చలికాలమంతా మంచు కప్పేసే ఎత్తులో. జ్యూస్ పుట్టిందీ పెరిగిందీ అక్కడేనని దాని తాలూకు వాళ్ళ వాదన. కంచు డాళ్ళూ, ఏనుగు దంతం వస్తువులూ అక్కడ కానుకలుగా పడ్డాయి. పుట్టింది మా దగ్గరంటే మా దగ్గరని రెండు గుహలకూ పోటీ అని నేనంటే, అది ఎక్కడైనా ఉన్నదేనని ఆవిడ తేల్చేసింది. తర్వాత తన చిన్నప్పుడు బొర్రా లోపలికి కాగడాలతో వెళ్ళిన సంగతి చెప్పింది. చుక్క చుక్క నీళ్ళు పడుతున్న రాతి లింగం, ఎవరూ చెక్కకుండా వచ్చిన లింగం, దాని ముందు అందరూ మాట్లాడ్డం మానేయడం. నేను రాళ్ళ గురించి పుస్తకాలు చదివాను గానీ ఆ నిశ్శబ్దం గురించి నాకెవరూ చెప్పలేదు. ఆ పూట ఫ్యాను మీద విసుక్కోవడం మరిచిపోయాను.

మూడో గుహ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ పేజీ దాటేద్దామనుకున్నాను.

"ఏటి ఆగిపోయేవు?" అంది.

అది పురిటి గుహ. క్రీటులో పెద్ద పట్నానికి తూర్పున, అమ్నిసోస్ అనే పాత రేవుకు పైన, కొండవాలులో ఉంది. ముఖద్వారం దగ్గర అంజీర చెట్టు. లోపల పొడవుగా, కప్పు తక్కువగా ఉంటుంది. అక్కడి దేవత పేరు ఎలీథియా. సుఖప్రసవం చేయించే దేవత. గుహ మొదట్లో కడుపులా ఉబ్బిన రాయి ఒకటుంది, నడుమ బొడ్డు లాంటి గుంటతో. మధ్యలో మనిషిలా నిలబడ్డ రాతి స్తంభం, దాని చుట్టూ ఎవరో ఎప్పుడో పేర్చిన చిన్న గోడ. నెలలు నిండే ఆడవాళ్ళు వచ్చి ఆ రాళ్ళకు పొట్ట ఆనించి రుద్దుకునేవారట. వేల ఏళ్ళు అలా రుద్దీ రుద్దీ రాయి నునుపెక్కింది. ఆ రోజుల నాటి మట్టి పలక ఒకటి దొరికింది, దాని మీద ఈ దేవతకు ఒక జాడీ తేనె పంపినట్టు ఉంది.

అత్తగారు చిక్కుళ్ళ పళ్ళెం కింద పెట్టింది. "ఇప్పుడెవరూ కొలవట్లేదా ఆవిడ్ని?"

"లేదత్తయ్యా. గేటు పెట్టి తాళం వేశారు. మా లాంటివాళ్ళు కూడా అనుమతి ఉంటేనే లోపలికి."

"పాపం," అంది. "అయితే ఖాళీగానే ఉంటాది," అని చిక్కుళ్ళు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ మాటకు నేను నవ్వుకున్నాను. అంతటితో మరిచిపోయాను కూడా.

నెలలు నిండకముందే ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. మా ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ఉన్నాడు. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది అత్తగారే. తర్వాత నాకు తెలిసింది తక్కువ. బిడ్డ ఏడుపు విన్నాను, బతికి ఉన్నాడని అర్థమైంది, ఆ తర్వాత నా రక్తం ఆగలేదు. డాక్టర్ల గొంతులు మారిపోయాయి. చక్రాల మంచం మళ్ళీ పరుగెత్తింది. మెలకువ వచ్చేసరికి మా ఆయన ముఖం, ఆయన వెనక గాజు తలుపు, తలుపు అవతల అత్తగారు. బిడ్డ బాగున్నాడు, నేనూ బాగున్నాను. ఆ క్షణంలో కలిగిన నెమ్మది ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళంతా తేలికవుతుంది. మా ఆయన తర్వాత చెప్పాడు, అమ్మ ఆ థియేటరు తలుపు దగ్గర నుంచి కదల్లేదని, నీళ్ళు కూడా ముట్టలేదని. ట్యాంకులోకి మనిషి దిగితే బయటికి వచ్చేదాకా మూత దగ్గర ఒకడు కాపలా నిలబడాలి వాళ్ళ పనిలో. ఆ కాపలావాడు కూడా అంత పట్టుదలగా నిలబడడట.

వాడికి ఏడాది లోపు పుట్టువెంట్రుకలు తీయించాలని మా ఆయన సింహాచలం ప్రయాణం గురించి మాట్లాడాడు. ఇంటి దేవుడు అప్పన్న, మా ఆయన జుట్టు కూడా అక్కడే తీశారు. అత్తగారు బిడ్డకు అన్నం కలుపుతూ తల ఎత్తకుండా అంది, "అక్కడ కుదరదు. ఆ జుట్టు అప్పన్నది కాదు."

"మరెవరిదమ్మా?"

"పురిటి తల్లిది. ఆ గుహలో తల్లిది. పుట్టువెంట్రుకలిస్తానని మొక్కీసుకున్నాను."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఫ్లాటు దద్దరిల్లేలా అరిచాను. రెండు వేల ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోని దేవతకు, విమానం రెండు సార్లు మారి వెళ్ళాల్సిన దీవిలో, తాళం వేసిన గుహలో, నా కొడుకు జుట్టు మొక్కడమేమిటి? మన దేవుళ్ళంతా ఎక్కడికి పోయారు?

"మన దేవుళ్ళకే మొక్కేను, రెండుసార్లూ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "రద్దీలో ఇనపడలేదు కాబోలు. ఈవిడ దగ్గర ఎవరూ లేరు కదా, నా ఒక్కదాని మాటైనా ఇంటాదని."

మా ఆయన మధ్యవర్తిగా దిగి, దేవుళ్ళందరూ ఒకటేనమ్మా, అప్పన్నకిస్తే ఆవిడకు ఇచ్చినట్టే అన్నాడు. "అలగైతే నీ జీతం పక్కింటాయనకి ఇచ్చీమను. మనుషులందరూ ఒకటే కదేటి," అంది. ఆ మాటతో ఆయన దుకాణం కట్టేశాడు.

అలా మొదలయ్యాయి జడలు. మొక్కిన చోట ఇవ్వకుండా కత్తెర తాకకూడదు. కళ్ళ మీద పడుతుంటే పిలకలు, పిలకలు నిలవకపోతే జడలు. క్రీటుకు వెళ్ళి రావచ్చు కదా అని మీరంటారు. ఒక ఏడు అత్తగారి మోకాలికి ఆపరేషను, ఒక ఏడు మా ఆయన ప్లాంటులో సెలవులు లేవు, అన్నిటికీ మించి నా మొండితనం. ఇలాంటి మొక్కుకు నేను టికెట్టు కొననని భీష్మించుకున్నాను. శాస్త్రం చదువుకున్నదాన్ని, నాకో పరువుంది.

కానీ అత్తగారికి అది పరువు సంగతి కాదు, ప్రాణం సంగతి. మొక్కు తీరేదాకా ఆ తల్లి ఇచ్చింది పూర్తిగా ఇచ్చినట్టు కాదు, ఎప్పుడైనా వెనక్కి అడగొచ్చు. ఆవిడ నమ్మకం అది, భయం అది. పిల్లాడు తుమ్మితే ఆవిడ ముఖంలో రక్తం ఉండేది కాదు. నాకు తలనొప్పి అన్నా సరే, వచ్చి నుదురు తాకి చూసి వెళ్ళేది. వాడికి ఒకసారి జ్వరం తగ్గక ఆసుపత్రిలో ఉంచారు. మంచం పక్కన కళ్ళు మూసుకుని ఆవిడ గొణుగుతుంటే విన్నాను. "ఇచ్చీసి తీసుకోకే తల్లీ. మావాళ్ళకి సెలవులు దొరకలేదు. ఎగ్గొట్టేవాళ్ళం కాదు." జ్వరం మర్నాడు మామూలుగానే తగ్గింది. అది మందుల వల్లేనని నాకు తెలుసు. కానీ ఆ గొణుగుడు విన్నాక నాకు కోపం నిలవలేదు, ఆ స్థానంలో ఒక బరువు వచ్చి కూర్చుంది. ఆవిడ మూడేళ్ళుగా సరిగ్గా ఊపిరి తీసుకోవడం లేదని అప్పుడు తట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా సహోద్యోగి మళ్ళీ క్రీటుకు బయల్దేరుతోంది. మధ్యాహ్నం వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్టు పడేసి బల్ల చోప్ చేసుకుని, అంటే ముందే పట్టి ఉంచుకుని, భోంచేస్తున్నాం. ఆమె నవ్వుతుందనుకుని, నవ్వాలనే, ఈ కథంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"మూడేళ్ళు వెయిట్ చేయించావా?" అంది. "మా ఆ-మా, అదే మా నాయనమ్మ, అయితే నిన్ను కొట్టేది. ఏ దేవుడికి మొక్కితే ఆ దేవుడి దగ్గరికే వెళ్ళి థాంక్యూ చెప్పాలి. సైంటిస్ట్ అయితే ఏంటి? మాటంటే మాటే లా."

సమర్థిస్తుందనుకున్న మనిషి అలా అనేసరికి, ఇంటికొచ్చి అత్తగారితోనే మాట్లాడమన్నాను. ఆ ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. సోఫాలో ఒక చివర ఆమె, ఇంకో చివర అత్తగారు, మధ్యలో అనువాదానికి నేను. ఇంత శ్రద్ధగా జరిగిన సమావేశం మా డిపార్ట్‌మెంటులో కూడా చూడలేదు.

"ఆంటీ, గుహ లోపల ఏదీ పెట్టను," అంది సహోద్యోగి ముందే. "పసుపు రాయను, కుంకుమ రాయను, రాయిని ముట్టను. అది పాత చోటు, పాడవకూడదు. అక్కడి చట్టం కూడా ఒప్పుకోదు."

అత్తగారు ఆలోచించింది. "గేటు బయట నిలబడి దణ్ణం పెట్టొచ్చా?"

"క్యాన్," అని తలూపింది.

"జుట్టు ఎలాగూ గుళ్ళో ఉంచరు, నీళ్ళలోనే కలుపుతారు. ఇక్కడ తీయించి మూట కట్టి పంపినా చెల్లుతాది. కింద సముద్రం ఉన్నాది కదా?"

"ఉంది. ఇంత చిన్న జుట్టు అయితే నేను కలుపుతాను."

"తేనె?"

మట్టి పలక మీది ఆ జాడీ సంగతి నేను మరిచిపోయాను, ఆవిడ మరవలేదు. అక్కడి తేనె సీసా ఒకటి కొని, గేటు ముందు పెట్టి, చూపించి, మళ్ళీ తీసుకురావాలి. నైవేద్యం వదిలి రాకూడదు, ప్రసాదంగా ఇంటికి చేరాలి. సహోద్యోగి ఇవన్నీ ల్యాబులో కొలతలు రాసుకున్నంత జాగ్రత్తగా ఫోన్లో ఎక్కించుకుంది. వెళ్ళేటప్పుడు, పాత గ్రీకులు కూడా దేవుళ్ళకు జుట్టు ఇచ్చేవారని ఎక్కడో చదివానని చెప్పింది. అది విని అత్తగారు నా వంక చూసిన చూపు నేను జన్మలో మరచిపోను.

మర్నాడే లిటిల్ ఇండియాలో మంగలి షాపుకు వెళ్ళాం. వాడు నాయనమ్మ ఒళ్ళో కూర్చుని ముందు ఏడ్చాడు, తర్వాత అద్దంలో తనను చూసుకుని "బోల్డ్ లైక్ ఎగ్" అని నవ్వాడు. రాలిన జుట్టు పసుపు గుడ్డలో పడింది. ఇంటికొచ్చి నున్నటి గుండు మీద నేనే గంధం రాశాను. చల్లగా ఉందని వాడు ఇల్లంతా పరుగులు పెట్టాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

ఆ మర్నాడు నేను ల్యాబు నుంచి వచ్చేసరికి ఆవిడ పైట కొంగు తల చుట్టూ బిగించుకుని కూర్చుని ఉంది. ఏసీ పడక తలనొప్పంది. సహోద్యోగి సాయంత్రం వచ్చి పసుపు మూట తీసుకెళ్ళింది. మూట నా చేత్తో ఇస్తుంటే కాస్త బరువుగా అనిపించింది, పసుపు కొమ్ములో కొబ్బరిచిప్పో పెట్టి ఉంటుందిలే అనుకున్నాను. కొంగు ఆ తర్వాత కూడా దిగలేదు. పనుల్లో పడి నేను పట్టించుకోలేదు. రాతి పొరలో వెంట్రుక మందం తేడా పట్టుకునే పరిశోధకురాలిని, ఇంట్లో మనిషి నెత్తి వైపు చూడలేదు.

వీడియో కాల్ వచ్చింది వారాంతపు మధ్యాహ్నం. అక్కడ పొద్దున్నే. లాప్‌టాప్ భోజనాల బల్ల మీద పెట్టి, ముందు దీపం పెట్టింది అత్తగారు. మా ఆయన, ఒళ్ళో గుండు పిల్లాడు, నేను. తెర మీద కొండవాలు, గాలికి ఊగుతున్న అంజీర చెట్టు, దాని వెనక ఇనుప గేటు, గేటు వెనక చీకటి. ఇన్నేళ్ళు నేను పేజీల్లో చదివిన చీకటి అది. దాని ముందు ఎందుకో నేను కూడా మాట్లాడ్డం మానేశాను. సహోద్యోగి తేనె సీసా గేటు ముందు పెట్టి, చేతులు జోడించి, "ఆంటీ, యు సే," అంది.

అత్తగారు కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. తర్వాత సహోద్యోగి కొండ దిగి సముద్రం ఒడ్డుకు వెళ్ళింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మూట విప్పింది. మెత్తటి నల్లటి పిల్లాడి జుట్టు గాలికి లేచి నీళ్ళ మీద పడింది. మూటలో ఇంకా ఏదో ఉంది. ఆమె దాన్ని పైకెత్తింది. పొడవాటి జడ. నలుపులో అక్కడక్కడ వెండి తీగలు.

"ఆంటీ, దిస్ వన్ ఆల్సో?" అని అడిగింది.

"ఆల్సో," అంది అత్తగారు.

నేను పక్కకు తిరిగి చూశాను. కొంగు భుజం మీదికి జారింది. నున్నటి గుండు. మా ఆయన "అమ్మా" అని మాత్రం అన్నాడు.

"ఎప్పుడు? ఎలా వెళ్ళారు?" అన్నాను. ఆవిడ ఎన్నడూ ఒంటరిగా రైలెక్కలేదు, జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో జనం చూస్తేనే భయం.

"నువ్వు ల్యాబుకెళ్ళినప్పుడు. పిల్లడి గుండు చేసినోడే చేసేడు. రైలు మారినప్పుడు ఒక ఆడగుంట చెయ్యి పట్టుకుని ఎక్కించింది."

"పిల్లాడి జుట్టు ఇచ్చాం కదత్తయ్యా. మళ్ళీ మీదెందుకు?"

"వాడి జుట్టు వాడి కోసం," అంది. తెర మీద జడ నీళ్ళలో విచ్చుకుంటుంటే అటే చూస్తూ. "ఇది నీ కోసం. బిడ్డ దక్కాలని మొక్కడానికి నువ్వున్నావు, వాళ్ళ నాన్నున్నాడు. ఆ తలుపు ఇవతల, నువ్వు దక్కాలని మొక్కేది ఎవరే? నేనున్నాను కదాని మొక్కీసుకున్నాను."

నేను ఏడ్చాను. దాచుకోవడానికేముంది, బల్ల మీద తల పెట్టి గట్టిగా ఏడ్చాను. మూడేళ్ళు నేను నా కొడుకు జడల గురించి కోప్పడ్డాను. ఆవిడ మూడేళ్ళు నా ప్రాణం గురించి భయపడింది, చెప్పలేదు. పిల్లాడు కంగారుపడి నాయనమ్మ గుండు తడిమి "సేమ్ సేమ్" అన్నాడు. అత్తగారు నవ్వింది, ఛాతీ నిండా గాలి పీల్చి వదిలింది. ఆవిడ అలా ఊపిరి వదలడం నేను చాలా కాలం తర్వాత విన్నాను.

తెర ఆపేశాక వంటింట్లోకి వెళ్ళి చిన్న గిన్నెలో గంధం కలిపి తెచ్చాను. కుర్చీలో కూర్చోబెట్టి తల మీద రాశాను, నుదుటి దగ్గర నుంచి మెడ దాకా. ఎన్నేళ్ళ నుంచి ఎండ తగలని చర్మమో, లేతగా ఉంది.

"చల్లగా ఉందా అత్తయ్యా?"

"బాగున్నాది," అంది కళ్ళు మూసుకుని. "ఆ రోజు వాడికి రాస్తుంటే నాకూ రాయించుకోవాలనిపించిందే. మర్నాడు నాదీ అవుతాది కదా, అడిగితే దొరికిపోతానని ఊరుకున్నాను."

నేను మళ్ళీ గిన్నెలో వేళ్ళు ముంచాను.